అశ్మక రాజధానిలో చెరకు బండ్లు

నిజామాబాద్ బస్టాండులో బోధన్ బస్సు ఎక్కితే గంటలోపే దిగిపోవచ్చు. సుమారు పాతిక కిలోమీటర్లు. దారికి రెండు పక్కలా వరి మళ్లే. వానాకాలంలో వరి, యాసంగిలోనూ వరి. ఇదే దారిలో చెరకు తోటలు తప్ప మరొకటి కంటికి ఆనని రోజులు చూసినవాళ్లు ఈ ఊళ్లల్లో ఇంకా చాలామందే ఉన్నారు. గడియారంతో పని లేకుండా ఫ్యాక్టరీ సైరన్‌తోనే లేచి, సైరన్‌తోనే అన్నానికి కూర్చున్న తరం వాళ్లది.

బోధన్ అంటే బయటివాళ్లకు చక్కెర గుర్తుకొస్తుంది. చరిత్ర చదివినవాళ్లకు అశ్మక జనపదం గుర్తుకొస్తుంది. జైనులకైతే ఇది బాహుబలి ఏలిన పౌదనపురం. ఊళ్లోని రాకాసిపేట వాళ్లను కదిపితే బకాసురుడి కథ మొదలుపెడతారు. భీముడు వాణ్ని చంపిన ఏకచక్రపురం ఇదేనంటారు, గుర్తుగా ఏకచక్రేశ్వరాలయాన్ని చూపిస్తారు. 2011 జనాభా లెక్కల్లో 77 వేలు పైబడిన పట్నానికి ఇన్ని పుట్టుకలు ఎలా వచ్చాయన్నది ఆసక్తి కలిగించే సంగతే. అంతకన్నా మనసును పట్టుకునేది మరొకటి ఉంది. ఈ చరిత్రలన్నిటిలో అన్నిటికన్నా కొత్తది, మన కళ్ల ముందు జరిగినది చక్కెర చరిత్ర. చెరిగిపోవడంలో అదే అన్నిటికన్నా ముందుంది. వెయ్యేళ్ల కిందటి శాసనం ఏం చెబుతోందో మనకు తెలుసు. దాదాపు తొంభై ఏళ్ల కిందటి కర్మాగారం మాత్రం తుక్కు లెక్కల్లోకి జారిపోతోంది. ఈ కథనం ఆ రెంటినీ ఒకే వరసలో పెట్టి చూద్దామన్న ప్రయత్నం.

గోదావరి ఒడ్డు రాజ్యం

బుద్ధుడి కాలానికి భరతఖండంలో పదహారు మహాజనపదాలు ఉండేవని బౌద్ధ గ్రంథమైన అంగుత్తర నికాయం చెబుతుంది. అంగ, మగధ, కాశి, కోసల అంటూ సాగే ఆ జాబితాలో దక్షిణాపథానికి చెందినది ఒక్కటే, అశ్మకం. పాళీలో అస్సక. దాని రాజధానిని పోతన అనీ, పోతలి అనీ, పోదన అనీ రకరకాలుగా రాశారు. ఆ పోదనే నేటి బోధన్ అని చరిత్రకారుల్లో చాలామంది అంగీకరించిన మాట.

సుత్తనిపాతంలో బావరి కథ ఉంది. కోసల దేశం నుంచి వచ్చిన బావరి అనే బ్రాహ్మణుడు అశ్మక రాజ్యంలో గోదావరి ఒడ్డున ఆశ్రమం కట్టుకుని ఉండేవాడు. వయసు మీద పడ్డాక బుద్ధుడి గురించి విన్నాడు. అంత దూరం తాను నడవలేక పదహారుమంది శిష్యులను పంపాడు. వాళ్లు ప్రతిష్ఠానం, మాహిష్మతి, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, సాకేతం, శ్రావస్తి మీదుగా రాజగృహం దాకా నడిచి వెళ్లి బుద్ధుణ్ని ప్రశ్నలడిగారట. ఆ కథను కథగానే తీసుకున్నా, అందులోని ఊళ్ల వరస ఒక వర్తక మార్గపు పటంలా ఉంది. గోదావరి లోయ నుంచి గంగ మైదానానికి ఆ కాలంలో మనుషులు ఏ దారిన వెళ్లేవారో చెప్పే పాత సాక్ష్యాల్లో అదొకటి. బావరి ఆశ్రమం నిర్మల్ జిల్లా ఖానాపూర్ దగ్గరి బాదనకుర్తిలో ఉండేదని ఆ ప్రాంతంవాళ్లు చెప్పుకుంటారు. బోధన్‌కు దగ్గర్లోనే కందకుర్తి ఉంది. మహారాష్ట్ర వైపు నుంచి వచ్చే గోదావరి తెలంగాణ నేల మీద అడుగుపెట్టేది అక్కడే, మంజీర వచ్చి కలిసేదీ అక్కడే. రెండు నదులు కలిసేచోటికి కూతవేటులో ఒక పట్నం వెలిసిందంటే అందుకు వేరే కారణం వెతకనక్కర్లేదు. మంచి నేల, తాగడానికి నీళ్లు, పడవ దారి, నడక దారి అన్నీ ఒక్కచోట దొరికాయి.

జైనుల కథ దీనికన్నా పెద్దది. ఆదితీర్థంకరుడైన ఋషభనాథుడి కొడుకులు భరతుడు, బాహుబలి. బాహుబలి రాజధాని పౌదనపురం. అన్నతో తలపడి, గెలిచే క్షణంలో రాజ్యం వద్దనుకుని తపస్సుకు నిలబడ్డాడు. ఆయన పేర భరతుడు పౌదనపురంలో ఒక మహా విగ్రహాన్ని నిలిపాడనీ, దాన్ని చూడాలని తపించిన గంగ రాజుల మంత్రి చావుండరాయడు అది సాధ్యంకాక శ్రవణబెళగొళలో కొండ మీది రాతినే గొమ్మటేశ్వరుడిగా చెక్కించాడనీ జైన సంప్రదాయం. పదో శతాబ్దం చివర వెలిసిన ఆ విగ్రహాన్ని చూడ్డానికి ఇవాళ లోకమంతా వెళ్తుంది. ఆ కథకు మూలమైన ఊళ్లో ఆ సంగతి చెప్పే పలక ఒక్కటైనా బస్టాండు దగ్గర ఉంటే బాగుండేదనిపిస్తుంది.

ఇక్కడొక ముడి ఉంది, తెలుగు కన్నడాలను కలిపే ముడి. కన్నడ ఆదికవి పంపడు 'ఆదిపురాణం' రాసింది 941 ప్రాంతంలో. అందులో భరతబాహుబలుల కథే ఉంది. పంపడు ఎవరి కొలువులో ఉన్నాడు? వేములవాడ చాళుక్య రాజు రెండో అరికేసరి కొలువులో. ఆ వేములవాడ చాళుక్యుల తొలి రాజధాని ఎక్కడ? బోధన్‌లోనే. ఆ వంశపు పాత రాజు యుద్ధమల్లుడు పోదనలో తన ఏనుగులను నూనె తొట్టెలో స్నానం చేయించేవాడని ఆ వంశపు తామ్రశాసనం గొప్పగా చెప్పుకుంది. పంపడి తమ్ముడు జినవల్లభుడు కరీంనగర్ జిల్లా బొమ్మలగుట్ట మీద చెక్కించిన కుర్క్యాల శాసనంలో తెలుగు కంద పద్యాలు ఉన్నాయన్న సంగతి సాహిత్య విద్యార్థులందరికీ తెలుసు. అన్న కన్నడంలో బాహుబలిని కీర్తిస్తే, తమ్ముడు తెలుగు పద్యాలను రాతికెక్కించాడు. ఆ కుటుంబాన్ని పోషించిన రాజ్యం వేళ్లు బోధన్ మట్టిలో ఉన్నాయి.

వంద స్తంభాల కింద

బోధన్‌లో తప్పక చూడాల్సిన కట్టడం దేవల్ మసీదు. ఊళ్లోవాళ్లు వంద స్తంభాల గుడి అని కూడా అంటారు. నక్షత్రం ఆకారంలో పరిచిన అడుగు కట్టు మీద వరసలు వరసలుగా రాతి స్తంభాలు. లోపలికి వెళ్లి ఒక స్తంభం దగ్గర కాసేపు నిలబడి చూడాలి. కింద చదరంగా మొదలై మధ్యలో గుండ్రంగా తిరిగి పైన మళ్లీ పలకలు తేలుతుంది. కొన్నిటి మీద పాత శిల్పాల ఆనవాళ్లు ఇంకా చేతికి తగులుతాయి. పైన గుమ్మటాలు మరో కాలానివి.

ఇది మొదట రాష్ట్రకూటుల కాలపు విష్ణ్వాలయం. రాష్ట్రకూట రాజు ఇంద్రవల్లభుడు కట్టించాడు కాబట్టి ఇంద్రనారాయణ దేవాలయం అయింది. కల్యాణి చాళుక్య రాజు మొదటి సోమేశ్వరుడి పాలనలో, 1056లో, దెబ్బతిన్న గుడిని తిరిగి బాగుచేసి గరుడస్తంభం నిలిపినట్టు శాసనం ఉంది. పద్నాలుగో శతాబ్దంలో ఈ ప్రాంతం ఢిల్లీ సుల్తానుల చేతికి వచ్చింది. మహమ్మద్ బిన్ తుగ్లక్ కాలంలో గుడి మసీదుగా మారింది. ఆయన పేరున్న పారశీక శాసనాలు బోధన్‌లోనే ఉన్నాయి. వాటిని చదివి ప్రకటించినవాడు నిజాం రాజ్యపు పురావస్తు శాఖను నడిపిన గులాం యాజ్దానీ.

ఒకే గోడల మధ్య రాష్ట్రకూట, చాళుక్య, తుగ్లక్ కాలాలు మూడూ పక్కపక్కనే ఉన్నాయి. ఒక్క పొరనే పట్టుకుని తక్కినవి తమవి కావనుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఆ రాళ్లు మాత్రం మూడు కాలాలనూ మోస్తున్నాయి. బోధన్ బజారులో ఇవాళ్టికీ తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ వినిపిస్తాయి. సాలూర దగ్గర మంజీర దాటితే మహారాష్ట్రే. పెళ్లి సంబంధాలకూ, పశువుల బేరాలకూ, ఆస్పత్రి పనులకూ అటూ ఇటూ రాకపోకలు సాగుతూనే ఉంటాయి.

ఇక ఇందూరు సంగతి. నేటి నిజామాబాద్‌కు పాత పేరు అదే. ఇంద్రదత్తుడనే రాజు పేర ఇంద్రపురి అయిందనీ, అదే ఇందూరుగా మారిందనీ చెబుతారు. గుట్ట మీది ఖిల్లా, అందులోని రఘునాథాలయం, సమర్థ రామదాసు వచ్చి వెళ్లాడన్న కథ ఇవన్నీ ఊరివాళ్లకు నోటికొచ్చు. నిజాం కాలంలో ఆ ఖిల్లా జైలైంది. నిజాం ఏలుబడి చివరి రోజుల్లో కవి దాశరథి కృష్ణమాచార్యులు, రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి ఆ జైల్లోనే బందీలు. కాగితాలూ కలాలూ ఇవ్వకపోతే పళ్లు తోముకునే బొగ్గుతో దాశరథి గోడల మీద పద్యాలు రాశాడు. ఖిల్లాకు వెళ్లినవాళ్లు ఇవాళ ముందు వెతికేది ఆ గోడనే. హైదరాబాద్ గోదావరి లోయ రైలు మార్గం ఇరవయ్యో శతాబ్దం తొలి నాళ్లలో ఇందూరు మీదుగా మన్మాడ్ దాకా వెళ్లడంతో సరుకుకు దారి ఏర్పడింది. 1905 నాటికి జిల్లా పేరూ నిజామాబాద్‌గా మారింది.

మంజీరకు అడ్డుకట్ట

రైలు వచ్చింది, సరే. నీళ్లు? అప్పటిదాకా ఇక్కడి సేద్యమంతా చెరువులూ వాగులూ బావుల మీద నడిచింది. వాన పడితే పంట, లేకుంటే లేదు. 1923లో మంజీర మీద అచ్చంపేట, బంజెపల్లి ఊళ్ల మధ్య ఒక ఆనకట్ట పని మొదలైంది. హైదరాబాద్ రాజ్యపు చీఫ్ ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ దాని రూపకర్త. 1931కి నిజాంసాగర్ పూర్తయింది. 2 లక్షల 75 వేల ఎకరాలకు నీరివ్వాలన్నది లక్ష్యం. జలాశయం కింద ఎన్నో ఊళ్లు మునిగిపోయాయి. ఆ ఊళ్ల పేర్లు ఇప్పుడు ఎక్కువమందికి తెలియవు, అది కూడా ఈ చరిత్రలో భాగమే.

కాలువ వచ్చింది కానీ, కాలువ నీటితో పెద్ద ఎత్తున సాగుచేసే అలవాటు ఇక్కడి రైతుకు లేదు. అందుకని కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి రైతులు వచ్చి భూములు కొనుక్కున్నారు. అక్కడ ఎకరం అమ్ముకుంటే ఇక్కడ చాలా ఎకరాలు వచ్చేవి. బోధన్, వర్ని, కోటగిరి చుట్టుపక్కల వాళ్లు వేసుకున్న గుడిసెల వాడలే క్యాంపులు. ఇప్పుడవి మేడలున్న ఊళ్లయ్యాయి, పేరులో మాత్రం ఫలానా క్యాంపు అనే మిగిలింది. వరి నాటు, చెరకు నాటు, మడి కట్టడం, కాలువ వంతులు అన్నీ ఆ రైతుల నుంచి ఇక్కడివాళ్లు నేర్చుకున్నారు. నేల గుణమూ వాన తీరూ ఇక్కడివాళ్లు వాళ్లకు నేర్పారు. ఒకళ్లనొకళ్లు కొన్నాళ్లు దూరం పెట్టుకున్నమాటా నిజమే. తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఆ దూరం పైకి తేలింది. కానీ మూడు తరాలుగా ఒకే తూము నీళ్లు తాగిన పొలాలవి.

శక్కర్‌నగర్

నిజాంసాగర్ నీళ్లు వచ్చాక ఇక్కడ చెరకు పండుతుందని తేలిపోయింది. హైదరాబాద్ రాజ్యంలో పరిశ్రమలు పెట్టడానికి 1929లో కోటి రూపాయలతో ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ పెట్టారు. దాని అండతోనే 1937లో బోధన్ అంచున నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. చుట్టూ ఒక కొత్త పట్నం లేచింది. దాని పేరు శక్కర్‌నగర్. జానకంపేట దగ్గర విడిపోయే రైలు శాఖ బోధన్‌కు వచ్చింది. ఆసియాలోకెల్లా పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని చాలాకాలం దీనికి పేరు.

ఆ కాలపు శక్కర్‌నగర్‌ను ఊహించుకోవాలంటే చక్కెర ఎలా తయారవుతుందో కొంచెం తెలియాలి. చెరకు మొక్కతోట పది పన్నెండు నెలల పంట. ఒకసారి నాటాక కోసిన మొదళ్ల నుంచే మళ్లీ చిగురిస్తుంది, అది కార్శి తోట. గడ పండిందనుకున్నాక ఫ్యాక్టరీ నుంచి కోత ఆర్డరు రావాలి. ఆర్డరు రాకముందు కోస్తే ఎవరూ తీసుకోరు, వచ్చాక ఆలస్యం చేస్తే గడ ఎండి తూకం పడిపోతుంది. కోసిన చెరకు ఒక రోజులోపు గానుగలో పడాలి. ఆపైన గంటగంటకూ రసంలోని చక్కెర తగ్గిపోతూ ఉంటుంది. అందుకే సీజన్లో ఫ్యాక్టరీ పగలూ రాత్రీ ఆగదు. గేటు ముందు ఎడ్లబండ్లు, తరవాతి కాలంలో ట్రాక్టర్లు రాత్రంతా బారులు తీరేవి. ఎడ్లను విప్పి, బండి కిందే ఇంత గడ్డి పరుచుకుని రైతు కునుకు తీసేవాడు. టోకెన్ నంబరు పిలవగానే లేచి కాటా మీదికి బండి తోలాలి. నిండు బండి తూకం, ఖాళీ బండి తూకం, రెండిటి తేడా చీటీ మీద రాసిస్తే ఆ చీటీయే ఏడాది కష్టానికి రుజువు. ఆ చీటీలను ట్రంకు పెట్టెల్లో దాచుకున్న ఇళ్లు ఈ ఊళ్లల్లో ఉన్నాయి.

లోపల గడను ముక్కలు చేసి వరస గానుగల్లో పిండుతారు. రసంలో సున్నం కలిపి, కాచి, మడ్డి తీసి, పాకం చిక్కబడే దాకా ఆవిరి పట్టి, పలుకు కట్టాక తిప్పుడు యంత్రాల్లో వేసి మొలాసిస్‌ను వేరు చేస్తారు. వంద టన్నుల చెరకు ఆడితే సుమారు పది టన్నుల చక్కెర వస్తుంది. ముప్పై టన్నుల దాకా పిప్పి, నాలుగు టన్నుల మొలాసిస్, కొంత ఫిల్టర్ మడ్డి. ఇందులో వృథా పోయేది లేదు. పిప్పిని బాయిలర్‌లో మండించి ఫ్యాక్టరీని నడుపుకుంటారు. మొలాసిస్ డిస్టిలరీకి వెళ్తుంది. మడ్డి ఎరువై పొలానికి తిరిగి వస్తుంది. ఊరిమీద సీజనంతా కమ్ముకుని ఉండే ఆ తీపి పులుపు వాసన మొలాసిస్‌దే. పెళ్లై వచ్చిన కొత్త కోడలు మొదటి వారం ముక్కు మూసుకునేదట, తర్వాత అదే పుట్టింటికి వెళ్తే గుర్తుకొచ్చేదట.

ఫ్యాక్టరీకి వేల ఎకరాల సొంత ఫారాలు ఉండేవి. వాటిలోంచి చెరకు తేవడానికి చిన్నపట్టాల రైలు నడిచేది. కార్మికుల క్వార్టర్లు, బడులు, ఆస్పత్రి, క్లబ్బు, ఆటస్థలం, పండగలకు వేదికలు అన్నీ ఆ ప్రహరీ లోపలే. ఇక్కడ పని దొరికితే ఆ ఇంటికి పిల్లను ఇవ్వడానికి ఎవరూ వెనకాడేవాళ్లు కాదు. బోధన్ బజారులోని బట్టల కొట్టు నుంచి సైకిల్ షాపు దాకా జీతాల రోజును చూసుకుని అరువిచ్చేవి. దగ్గర్లోని రుద్రూరులో చెరకు, వరి మీద పరిశోధన కేంద్రం ఏర్పడింది. కొత్త రకాల విత్తనపు చెరకు అక్కడి నుంచే రైతుకు చేరేది. నీళ్లు, పరిశోధన, ఫ్యాక్టరీ, రైలు, అంగడి ఇన్ని ఒకదాని చేయి ఒకటి పట్టుకుని నడిచిన చోటు తెలంగాణలో మరొకటి అరుదు. 1948 తర్వాత ప్రభుత్వ సంస్థగా సాగిన కాలంలో ఫ్యాక్టరీ యూనిట్లు మెదక్, మెట్‌పల్లి, జహీరాబాద్, మిర్యాలగూడ వంటి చోట్లకు కూడా విస్తరించాయి.

పసుపుకు గంజ్, చెరకుకు గేటు

ఇదే జిల్లాలో మరో పంట ఉంది. దాని కథ ఇంకో రకంగా నడిచింది. ఆ తేడా తెలిస్తేనే బోధన్‌కు ఏమైందో అర్థమవుతుంది.

నిజామాబాద్ మార్కెట్ యార్డును జనం ఇప్పటికీ గంజ్ అనే అంటారు. శ్రద్ధానంద్ గంజ్. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఆ యార్డుకు వెళ్లిచూడండి. ఆర్మూర్, బాల్కొండ వైపు నుంచి వచ్చిన పసుపు కుప్పలు. తవ్విన పసుపును రైతు ఊళ్లోనే ఉడకబెట్టి, వారాలపాటు ఎండబెట్టి, డ్రమ్ములో తిప్పి మెరుపు తెచ్చుకుని వస్తాడు. కుప్పల్లో కాడి (కొమ్ము) వేరు, గోళ (గడ్డ) వేరు. కొనేవాడు కుప్పలోంచి ఒక కొమ్ము తీసి రెండుగా విరుస్తాడు. టక్కుమని విరిగితే ఎండు బాగున్నట్టు. విరిగినచోట నారింజ రంగు ఎంత ముదురుగా ఉందో చూస్తాడు, గోటితో గీరి వాసన చూస్తాడు. ఆ రెండు సెకన్ల పరీక్షలో రైతు తొమ్మిది నెలల పని ధర తేలిపోతుంది. 2016లో దేశంలో ఈ-నామ్ ఆన్‌లైన్ మార్కెట్ మొదలైనప్పుడు తొలి విడత మార్కెట్లలో నిజామాబాద్ ఒకటి. కంప్యూటర్లో ధర వేస్తున్నా విరిచి చూడటం మాత్రం పోలేదు.

పసుపు రైతుకు కష్టాలు లేవని కాదు. ధర పడిపోయిన ఏడాది ఎకరానికి పెట్టిన పెట్టుబడి కూడా తిరిగి రాదు. అందుకే పసుపు బోర్డు కోసం ఏళ్ల తరబడి కొట్లాడారు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ స్థానానికి 185 మంది పోటీలో నిలిచారు, వాళ్లలో అత్యధికులు రైతులే. అంతమందికి సరిపోయేలా ఓటింగ్ యంత్రాలను వరసగా కలిపి పెట్టాల్సి వచ్చింది. 2023 అక్టోబరులో జాతీయ పసుపు బోర్డు ప్రకటన వచ్చింది, 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా అది మొదలైంది. బోర్డు రైతు ధరను ఎంత నిలబెడుతుందో రాబోయే సీజన్లే చెప్పాలి. కానీ ఒక విషయంలో పసుపు రైతు అదృష్టవంతుడు. ఎండిన పసుపు నిలవ ఉంటుంది. ఈ ఏడాది ధర లేకపోతే గదిలో పోసుకోవచ్చు. ఇక్కడ కాకపోతే లారీ ఎక్కించి సాంగ్లీకి తీసుకెళ్లొచ్చు.

చెరకు అలా కాదు. కోసిన గడను ఇంట్లో దాచుకోలేడు, వేరే ఊరికి తోలుకుపోతే దారిలోనే రసం తగ్గిపోతుంది, లారీ కిరాయి లాభాన్ని మింగేస్తుంది. చెరకు రైతుకు అంగడి అంటే ఫ్యాక్టరీ గేటే, అదీ ఒకే ఒక్క గేటు. ఆ గేటు తెరిచి ఉన్నంతకాలం అతనిది అన్ని పంటల్లోకెల్లా నిబ్బరమైన పంట. అది మూసుకున్ననాడు అతని చేతిలో ఏమీ ఉండదు. గంజ్ మీద బతికే పట్నంలో ఒక కొనుగోలుదారు పోతే ఇంకొకరు వస్తారు. ఒకే గేటు మీద బతికిన పట్నానికి ఆ వెసులుబాటు లేదు. బోధన్‌కు తగిలిన దెబ్బ లోతు ఇందులో ఉంది.

గేటు మూసుకున్నాక

దెబ్బ ఒక్కరోజులో తగల్లేదు. మంజీర మీద నిజాంసాగర్‌కు ఎగువన సింగూరు కట్టాక హైదరాబాద్ తాగునీటికి వాటా వెళ్లింది. అసలు నిజాంసాగర్ కడుపులోనే పూడిక చేరుతూ వచ్చింది. 29 టీఎంసీలకు పైగా పట్టేలా మొదలైన జలాశయం 18 టీఎంసీల లోపుకు పడిపోయింది. కాలువ చివరి భూముల్లో ఉన్నవాళ్లకే ముందు నీళ్లు తగ్గాయి. బోధన్ వైపు చివరి భూములే ఎక్కువ. తర్వాత గోదావరి నీళ్లు తోడే అలీసాగర్, గుత్ప ఎత్తిపోతల పథకాలు వచ్చి కొంత ఆదుకున్నాయి. ఇటు ఫ్యాక్టరీలో యంత్రాలు ముసలివయ్యాయి, నష్టాలు పేరుకున్నాయి. 2002లో అప్పటి ప్రభుత్వం శక్కర్‌నగర్, మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట, మెదక్ దగ్గరి మంబోజిపల్లి యూనిట్లలో 51 శాతం వాటాను ప్రైవేటు భాగస్వామికి ఇచ్చింది. నిజాం దక్కన్ షుగర్స్ అన్న పేరు వచ్చింది. ఆ అమ్మకం మీద వేసిన శాసనసభా సంఘం దాన్ని తప్పుపట్టింది. తెలంగాణ ఉద్యమంలో నిజాం షుగర్స్ పేరు వినపడని సభ లేదు. రాష్ట్రం వస్తే ఫ్యాక్టరీ మళ్లీ మనదవుతుందని ప్రతి ఊళ్లోనూ చెప్పుకున్నారు.

రాష్ట్రం వచ్చింది. 2015 డిసెంబరులో మూడు యూనిట్లకూ తాళం పడింది. వ్యవహారం కంపెనీ లా ట్రిబ్యునల్‌కు వెళ్లింది. 2019 జూన్‌లో లిక్విడేషన్ ఉత్తర్వు వచ్చింది. కార్మికులు జీతం బకాయిలు అడుగుతూ గేటు ముందు టెంట్లు వేసుకున్నారు. అలా కూర్చున్నవాళ్లలో కొందరు ఆ బకాయిలు చూడకుండానే కన్నుమూశారు. సారంగాపూర్‌లోని సహకార చక్కెర ఫ్యాక్టరీ అంతకుముందే మూతపడింది. మిగిలింది కామారెడ్డి వైపున్న ప్రైవేటు ఫ్యాక్టరీ. అంత దూరం చెరకు తోలడం బోధన్ రైతుకు గిట్టదు.

రైతు మాత్రం ఆగి చూస్తూ కూర్చోడు కదా. తోటలు తీసేసి వరి వేశాడు. ఆ లెక్క తప్పేమీ కాదు. వరి నాలుగు నెలల పంట. ఊళ్లోకే కొనుగోలు కేంద్రం వస్తుంది. మద్దతు ధర ముందే తెలుసు. చెరకుకు పదినెలలు ఎదురు చూడాలి, కోత కూలీలు దొరకాలి, ఆపైన డబ్బు ఎప్పుడొస్తుందో తెలియదు. చెరకు అప్పగించిన 14 రోజుల్లో డబ్బు చెల్లించాలని 1966 నాటి కేంద్ర ఉత్తర్వులోనే ఉన్నా, దేశంలో చక్కెర ఫ్యాక్టరీల బకాయిల కథ అందరికీ తెలిసిందే. ఇంతలో జిల్లా పల్లెల నుంచి కుర్రాళ్లు గల్ఫ్ బాట పట్టడం ఆగలేదు. ఆడవాళ్ల ఒళ్లో బీడీల చాట ఉండనే ఉంది.

ప్రభుత్వం మారాక 2024 జనవరిలో మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన ఫ్యాక్టరీల పునరుద్ధరణకు కమిటీ వేశారు. బోధన్‌లో ఆ వార్తకు జనం పొంగిపోలేదు, అలాగని కొట్టిపారేయనూ లేదు. లోపలున్న గానుగల్లో చాలా భాగం పాతకాలానివి. అవి మళ్లీ తిరుగుతాయని నమ్మేవాళ్లు తక్కువే. కొత్త ఫ్యాక్టరీ, పిప్పితో కరెంటు, మొలాసిస్‌తో ఇథనాల్ అంటేనే లెక్క కుదురుతుందని తెలిసినవాళ్ల మాట. నాకూ అదే సబబనిపిస్తుంది. చక్కెర ఒక్కదాని మీదే బతికే ఫ్యాక్టరీ ఇవాళ దేశంలో ఎక్కడా నిలదొక్కుకోవడం కష్టం.

యంత్రాలు వేరు, చరిత్ర వేరు. పనికిరాని యంత్రం తుక్కుకు వెళ్లొచ్చు. తుక్కు బండి ఎక్కే ముందు దాని ఫొటో తీసి, తయారుచేసిన ఊరూ సంవత్సరమూ రాసిపెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. 1937 నుంచి పేరుకున్న హాజరు పట్టీలు, చెరకు తూకాల దస్తరాలు, ఫారాల నక్షలు, క్వార్టర్ల కేటాయింపు పుస్తకాలు ఉంటాయి. ఒక ప్రాంతం ఎవరి చేతుల్లో ఎలా ఎదిగిందో చెప్పే లిఖిత సాక్ష్యం అది. 1056 నాటి రాతిమీది మాటలను చదివి భద్రపరచిన శాఖలు మనకున్నాయి. ఈ కాగితాలను చదవడానికి నిజామాబాద్‌లో తెలంగాణ విశ్వవిద్యాలయం ఉంది, చరిత్ర చదివే పిల్లలున్నారు. శక్కర్‌నగర్ క్వార్టర్లలో పుట్టి పెరిగినవాళ్లు అమెరికా దాకా వెళ్లారు, అడిగితే తమ ఇంట్లో ఉన్న ఫొటోలు వాళ్లే పంపుతారు. అన్నిటికన్నా ముందు ఆ గానుగల దగ్గర పనిచేసినవాళ్లను కూర్చోబెట్టి వాళ్ల మాటలు రికార్డు చేయాలి. బాయిలర్ ఎలా మండించేవాళ్లో, పాకం పలుకు కట్టిందని వేళ్ల మధ్య నలిపి ఎలా తెలుసుకునేవాళ్లో చెప్పగలిగినవాళ్లలో చాలామందికి ఇప్పుడు డెబ్బై దాటింది.

ఫ్యాక్టరీ తిరిగి తెరవాలన్న మాటకు వస్తే, అడ్డు పడుతున్నది తాళమొక్కటే కాదు. గానుగ ఆడాలంటే చెరకు కావాలి, చెరకు నాటాలంటే గానుగ ఆడుతుందన్న నమ్మకం కావాలి. చుట్టుపక్కల మండలాల్లో తోటలు దాదాపు లేకుండా పోయాయి, కార్శికి మొదళ్లు కూడా లేవు. విత్తనపు చెరకు రుద్రూరులోనో రైతుల దగ్గరో ఒక ఏడాది పెంచుకుంటే తప్ప మరుసటి ఏడాది నాటడానికి సరిపోదు. నాటాక మరో పది పన్నెండు నెలలకు గాని గడ గేటుకు రాదు. అంటే ఒక సీజన్లో ఫ్యాక్టరీ సైరన్ మోగాలంటే అంతకు రెండేళ్ల ముందే రైతు చేతికి రాతపూర్వకమైన ధర, చెల్లింపు గడువు, కోత కూలీల ఏర్పాటు అందాలి. వరి కోసి కల్లం ఊడ్చే లోపే రైతు తర్వాతి పంట ఏదో తేల్చుకుంటాడు. ఆ మాట అతనికి అంతకుముందే చేరాలి.